అనంతకోటి బ్రహ్మాండాలలో మన చోటు



ఏ పూజకైనా ఆచమనం, ప్రాణాయామం అయిన తరువాత సంకల్పం చెప్పుకొంటాము. పురోహితులు చెప్పిస్తూ ఉంటే మనం అక్షతలు చేతబట్టుకొని, గోత్రనామాలు వచ్చే చోట మాత్రం గొంతు పెంచి, తక్కినదంతా పెదవులతోనే దాటవేస్తాము. దాటవేసే ఆ భాగంలో ఎంతో విషయమున్నది. పూజకు కూర్చున్నవాడు తాను ఏ కాలంలో, ఏ చోట ఉన్నాడో ముందుగా స్వామికి విన్నవించుకొంటున్నాడు. కాలం సంగతి అటుంచి చోటు సంగతి చూడండి. జంబూద్వీపం, అందులో భరతవర్షం, అందులో భరతఖండం, మేరువుకు దక్షిణ దిక్కు, ఆపైన శ్రీశైలానికి ఏ దిశలో ఉన్నామో, ఏ నదుల నడుమ ఉన్నామో, చిట్టచివర మన ఇల్లు. హైదరాబాదు వారమైతే శ్రీశైలానికి వాయవ్యమనీ, కృష్ణా గోదావరుల మధ్యదేశమనీ చెప్పుకొంటాము.

ఆబిడ్స్‌లోని జనరల్ పోస్టాఫీసుకు వచ్చే ఉత్తరాల మీది చిరునామా ఇందుకు తలక్రిందులుగా ఉంటుంది. ముందు మనిషి పేరు, పిమ్మట ఇంటి నంబరు, వీధి, పేట, ఊరు, చివర 500001 అనే పిన్ కోడు. ఉత్తరం బట్వాడా చేసేవారికి మనిషి ముఖ్యం గనుక అది సబబే. సంకల్పంలో మాత్రం మనమున్న ఆవరణ ఎంత పెద్దదో మొదట చెప్పి, క్రమంగా కుదించుకొంటూ మన దగ్గరకు రావాలి. ఈ ఆవరణ వెలుపలి వైపు ఎంతవరకు విస్తరించి ఉన్నదో ఖగోళ శాస్త్రజ్ఞులు గడచిన నూరేండ్లలో చాలావరకు కొలిచారు. దానిని సంకల్పం చెప్పే భక్తుడు కూడా తెలుసుకోవడం మంచిదని తలచి ఈ ప్రసంగానికి పూనుకొన్నాము.

నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌కు కూతవేటు దూరంలో రెండు గుట్టలున్నాయి. ఒకదానిమీద 1976లో రామకృష్ణ మఠానికి చెందిన రంగనాథానంద స్వామి చేతుల మీదుగా ప్రారంభమైన పాలరాతి వేంకటేశ్వరాలయం, ప్రక్కనున్న నౌబత్ పహాడ్ మీద 1985లో ఆరంభమైన బిర్లా ప్లానెటేరియం. పిల్లలను తీసుకొని వచ్చేవారు తరచుగా రెండూ ఒకే పూట చూస్తారు. చీకటి గదిలో కప్పు మీద వేలాది నక్షత్రాలను చూసి, వెంటనే మెట్లెక్కి స్వామి దర్శనానికి వచ్చిన పిల్లవాడు అడిగే ప్రశ్న ఒకటున్నది: "ఇంత పెద్ద లోకంలో మన పేరు, గోత్రం స్వామికి ఎట్లా వినిపిస్తుంది?" ఈ ప్రశ్నకు పెద్దలు రెండు విధాల బదులిస్తూ ఉంటారు. గుడిలో అటువంటి మాటలు తగవని కసరడం ఒకటి. ఇదంతా మన పురాణాలలో ఏనాడో వ్రాసి ఉన్నదని చెప్పి ముగించడం మరొకటి. రెండూ ప్రశ్నను తప్పించుకొనే దారులే. పిల్లవాడు అడిగినది న్యాయమైన ప్రశ్న. బదులు చెప్పాలంటే ముందు ఆ లోకం ఎంత పెద్దదో మనకు తెలియాలి.

మొదట మన సొంత ఆవరణ. నిర్మలమైన రాత్రి ఆకాశంలో అడ్డంగా పరచినట్లు కనపడే తెల్లని పట్టీని మనవారు పాలపుంత అన్నారు, ఆకాశగంగ అన్నారు, పాలవెల్లి అని కూడా అన్నారు. పుంత అనగా పల్లెలలో బండ్లు నడిచే దారి. ఇక వినాయక చవితినాడు స్వామి విగ్రహం పైన వ్రేలాడదీసి, మామిడాకులు, వెలగకాయలు, మొక్కజొన్న పొత్తులు కట్టే చట్రం పేరు కూడా పాలవెల్లియే. ఆ కాయలు, పండ్లు నక్షత్రాలకు గుర్తులని మన ఇండ్లలో పెద్దవారు చెబుతారు. ఈ పాలవెల్లి నిజ స్వరూపం ఒక పెద్ద నక్షత్ర చక్రం. దానినే గెలాక్సీ అంటున్నారు. అందులో పదివేల కోట్ల నుండి నలభై వేల కోట్ల వరకు నక్షత్రాలున్నాయని అంచనా. సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోయే కాంతి ఒక సంవత్సరంలో 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు నడుస్తుంది. దానిని కాంతి సంవత్సరం అంటారు. మన పాలపుంత అడ్డుకొలత లక్ష కాంతి సంవత్సరాలు. సూర్యుడు దాని నడిమధ్యన లేడు, కేంద్రానికి 26 వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉండి, సుమారు 23 కోట్ల ఏండ్లకు ఒక ప్రదక్షిణం పూర్తి చేస్తున్నాడు.

ఆ కేంద్రం ధనూరాశి దిక్కున, మూలా నక్షత్రానికి చేరువలో ఉన్నది. మూల అనగా వేరు, మొదలు. ఇది విన్న వెంటనే మన పూర్వులకు పాలపుంత కేంద్రం తెలుసునని సంబరపడేవారున్నారు. అలా చెప్పరాదు. ఆ దిక్కున ధూళి మేఘాలు దట్టంగా అడ్డుపడి కంటిచూపుకు కేంద్రం అందదు. 20వ శతాబ్దంలో రేడియో తరంగాలను పట్టే సాధనాలు వచ్చిన తరువాతనే దాని ఉనికి స్పష్టమైనది. అదే విధంగా బ్రహ్మాండమనగా గెలాక్సీయే అని అర్థం చెప్పడం కూడా సరికాదు. పురాణాలలోని బ్రహ్మాండం పదునాలుగు లోకాలను తనలో ఇముడ్చుకొన్నది, దాని ప్రయోజనం వేరు. దూరదర్శినితో కొలిచినది వేరు. సంకల్పంలో తిథిని తప్పు చెబితే దోషమని భావించే మనం, దేవుని పేరిట లెక్క తప్పు చెప్పవచ్చునా?

ఈ నక్షత్రాలను లెక్కించే పనిలో మన నగరానికి పాలు కలదు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో ఒక వేధశాలను నెలకొల్పారు. ఆయన గతించిన పిదప 1908లో నిజాం ప్రభుత్వం దానిని చేపట్టి బేగంపేటకు మార్చింది. అదే నిజామియా వేధశాల. ఆకాశమంతటినీ భాగాలుగా పంచుకొని ఛాయాచిత్రాలు తీసి నక్షత్రాల పట్టిక తయారు చేయాలని 1887లో పారిస్‌లో నిర్ణయించిన మహా ప్రయత్నంలో ఈ వేధశాల కూడా చేరింది. టి.పి. భాస్కరన్ మొదలైనవారి పర్యవేక్షణలో ఏండ్ల తరబడి గాజు పలకల మీద చుక్కలను ఒక్కొక్కటిగా కొలిచి, ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను గ్రంథస్థం చేశారు. ఆ వేధశాలలో పనిచేసిన ఒకరి కుమారుడే వేణు బాపు. ఆబిడ్స్ సమీపంలోని నిజాం కళాశాలలో చదివి, హైదరాబాదు ప్రభుత్వ విద్యార్థి వేతనంతో హార్వర్డుకు వెళ్ళి, 1949లో ఒక తోకచుక్కను కనుగొన్నారు. ఆ తోకచుక్క పేరులో బాపుతో పాటు చేరిన బోక్ అనే ఆచార్యుడు పాలపుంత పరిశోధనలో ప్రసిద్ధుడు.

ఒక తరంవారు కన్నులు కాయలు కాచేట్లు కొలిచిన ఆ ఏడున్నర లక్షల చుక్కలు పాలపుంతలో ఏపాటి? నలభై వేల కోట్లను ప్రక్కనబెట్టి, తక్కువ అంచనా అయిన పదివేల కోట్లే తీసుకొన్నా లక్షకు ఒకటి కూడా రాదు. అయినా ఆ శ్రమ వ్యర్థం కాలేదు. ఈనాటి స్థానాలను ఆనాటి స్థానాలతో పోల్చి నక్షత్రాల కదలికను కనుగొనడానికి అటువంటి పట్టికలే ఆధారమైనాయి.

ఇంతకూ పాలపుంతకు వెలుపల మరేమైనా ఉన్నదా? నూరేండ్ల క్రిందటి వరకు పండితులలో ఏకాభిప్రాయం లేదు. ఉత్తరాభాద్ర నక్షత్రానికి సమీపంలో మసక మబ్బు తునక వలె కనపడే వస్తువొకటున్నది. క్రీ.శ. 964లో పారసీక జ్యోతిర్విదుడు అల్ సూఫీ దానిని తన గ్రంథంలో చిన్న మేఘమని పేర్కొన్నాడు. పాశ్చాత్యులు దానిని ఆండ్రోమెడా అన్నారు. అమెరికాలోని ఎడ్విన్ హబుల్ అందులో వెలుగు పెరుగుతూ తరుగుతూ ఉండే నక్షత్రాలను గుర్తించి, వాటి సాయంతో దూరం కట్టాడు. 1925 జనవరి 1న ఆ ఫలితాన్ని ఒక శాస్త్రసభలో చదివారు. ఆ మబ్బు తునక మన పాలపుంత వంటిదే మరొక మహా నక్షత్ర చక్రమనీ, పాలపుంతకు ఎంతో దూరాన ఉన్నదనీ ఆనాటితో తేలిపోయినది. ఈనాటి కొలత ప్రకారం దాని దూరం 25 లక్షల కాంతి సంవత్సరాలు.

హబుల్ మరుసటి ఏడాది గెలాక్సీలను ఆకారాన్ని బట్టి వర్గీకరించాడు. మార్పులు చేర్పులతో ఆ వర్గీకరణ నేటికీ వాడుకలో ఉన్నది. ఉండ్రం వలె గుండ్రంగానో, కొంచెం సాగదీసినట్లుగానో ఉండేవి దీర్ఘవృత్తాకారపు గెలాక్సీలు. వీటిలో ఎక్కువగా వయసు మళ్ళిన ఎర్రని నక్షత్రాలే ఉంటాయి. కొత్త నక్షత్రాలు పుట్టడానికి కావలసిన వాయువు వీటిలో దాదాపు అడుగంటినది. రెండవవి సర్పిలాకారపువి. దీపావళినాడు గిరగిర తిరిగే భూచక్రాన్ని తలచుకోండి. నడుమ మెరిసే గుబ్బ, దానినుండి చుట్లు చుట్లుగా వెలువడే చేతులు. ఆ చేతులలో నీలి రంగు పడుచు నక్షత్రాలు పుడుతూ ఉంటాయి. కొన్నింటిలో నడుమ ఒక అడ్డకమ్మి వలె నక్షత్రాల బారు ఉండి, చేతులు దాని కొసలనుండి బయలుదేరుతాయి. మన పాలపుంత అటువంటి అడ్డకమ్మి గల సర్పిలం. ఈ రెండు జాతులకు నడుమ మసూరపప్పు గింజ ఆకారంలో, చేతులు లేని పళ్ళెం వంటివి కొన్ని. చెదిరిన అక్షతల వలె ఏ ఆకారమూ లేనివి మరికొన్ని. దక్షిణాకాశంలోని మెజిలాన్ మేఘాలను ఈ కడపటి జాతికి ఉదాహరణగా చెబుతారు గాని, హైదరాబాదు నుండి అవి దిక్కులంచునే ఉండిపోవడం చేత మనకు దాదాపు కనపడవు.

సర్పిలపు చేతుల సంగతి కొంచెం విడమరచి చెప్పాలి. భూచక్రంతో పోలిక అక్కడ చెల్లదు. ఆ చేతులు గట్టి కమ్మీలు కావు. అవే నక్షత్రాలు ఎల్లకాలం ఒకే చేతిలో ఉండిపోతే, కొన్ని ప్రదక్షిణాలకే చేతులు చిక్కుపడి కలిసిపోయి ఉండవలసినది. సాయంకాలం ఆబిడ్స్ కూడలిలో వాహనాలు ఎట్లా క్రిక్కిరిసి ఉంటాయో మీకు తెలియనిది కాదు. దూరాన మేడపైనుండి చూస్తే రద్దీ ఆ చోటనే ఉన్నట్లుంటుంది. దానిలోని వాహనాలు మాత్రం ఒకటి వెనుక ఒకటి వచ్చి, మెల్లగా నడిచి, దాటిపోతూనే ఉంటాయి. సర్పిలపు చేతులు కూడా చాలావరకు ఇటువంటి రద్దీలేనని 1964లో లిన్, షూ అనే శాస్త్రజ్ఞులు వివరించారు. మన సూర్యుడు సైతం ఇటువంటి రద్దీలలో చొరబడుతూ, వెలువడుతూ వస్తున్నవాడే.

ఇక ఇవి గుంపులు గుంపులుగా ఎట్లా ఉన్నాయో చూద్దాము. దూరాలు మనసుకు పట్టడానికి ఒక చిన్న లెక్క చేద్దాము. మన పాలపుంతను ఒక అడుగు అడ్డుకొలత గల హారతి పళ్ళెంగా భావించి ఆబిడ్స్ జనరల్ పోస్టాఫీసు ముందు ఉంచామనుకోండి. సూర్యునికీ, అతని పొరుగున ఉన్న నక్షత్రానికీ నడుమ దూరం ఆ పళ్ళెంలో తల వెంట్రుక మందం కూడా ఉండదు. ఆండ్రోమెడా మరొక పళ్ళెమై 25 అడుగుల దూరంలో ఉంటుంది. ఈ రెండు పెద్ద పళ్ళెములు, త్రికోణరాశిలోని ఒక చిన్న సర్పిలం, వీటి చుట్టూ తిరిగే పదుల కొద్దీ చిట్టి గెలాక్సీలు కలిసి ఒక కుటుంబం. దానిని స్థానిక సమూహమంటారు. మన లెక్కలో అది నూరడుగుల మేర. దానిని దాటి 540 అడుగులు పోతే కన్యారాశి దిక్కున వేయికి మించిన గెలాక్సీల గుచ్ఛమొకటి కనపడుతుంది. 2019లో కృష్ణబిలపు మొదటి చిత్రం లోకమంతటా ప్రచురితమైనది గదా, అది ఈ కన్యా గుచ్ఛంలోని ఒక మహా దీర్ఘవృత్తపు గెలాక్సీ కేంద్రానిదే.

మన స్థానిక సమూహమూ, కన్యా గుచ్ఛమూ, ఇటువంటివి మరెన్నో కలిసి ఒకే మహా ప్రవాహంలో ఉన్నాయని 2014లో బ్రెంట్ టల్లీ మొదలైనవారు నిరూపించారు. దానికి హవాయి ద్వీపవాసుల భాషలో మహాకాశమనే అర్థంలో లానియాకియా అని పేరు పెట్టారు. అందులో లక్ష గెలాక్సీలు. వెడల్పు 52 కోట్ల కాంతి సంవత్సరాలు. మన పళ్ళెం లెక్కలో మైలు పొడవు, అనగా ఆబిడ్స్ నుండి నాంపల్లి వరకు అంతా అందులోనే ఇమిడిపోతుంది.

కుటుంబం, గుచ్ఛం, ప్రవాహం అన్న మాటలలో భేదమున్నది. ఏటేటా జనవరిలో నాంపల్లిలో జరిగే నుమాయిష్‌కు పోయినవారికి ఇది తేలికగా తెలుస్తుంది. తల్లి చేయి పిల్లవాడు, వాని చేయి చెల్లెలు పట్టుకొని నడిచే కుటుంబాలు అక్కడ వందలుగా ఉంటాయి. కొన్ని కుటుంబాలు బంధువులై ఒకే జట్టుగా సాగుతాయి. వీరందరూ కలిసిన జనసందోహం ఒక వైపుకు కదులుతున్నట్లు కనపడినా, దానిని పట్టి ఉంచే చేయి ఏదీ లేదు. రాత్రి కాగానే ఎవరి దారిన వారు పోతారు. స్థానిక సమూహం, కన్యా గుచ్ఛం వంటివి చేతులు పట్టుకొన్నవి, గురుత్వాకర్షణే ఆ పట్టు. లానియాకియా మొత్తానికి అటువంటి పట్టు లేదు. విశ్వం వ్యాకోచిస్తున్నందున యుగయుగాలకు అది విడిపోవలసినదే.

చేయి పట్టుకొన్నవారు ఒకరినొకరు తాకకుండా ఉండరు. ఆండ్రోమెడా సెకనుకు సుమారు 110 కిలోమీటర్ల వేగంతో మనకు దగ్గరవుతున్నది. 400 కోట్ల ఏండ్ల తరువాత రెండూ ఢీకొనక తప్పదని చాలాకాలం చెబుతూ వచ్చారు. 2025లో వెలువడిన లెక్కల ప్రకారం రాబోయే వెయ్యి కోట్ల ఏండ్లలో అది జరగడానికీ, జరగకపోవడానికీ సరిసమాన అవకాశమున్నది. జరిగినా నక్షత్రాలు నక్షత్రాలను ఢీకొనడం బహు అరుదు, వాటి పరిమాణంతో పోలిస్తే వాటి నడుమ దూరం అంత ఎక్కువ. పళ్ళెములు రెండూ ఒకదానిలో ఒకటి దూరి, ఆకారం చెడి, చివరకు ఒక ఉండ్రం వంటి గెలాక్సీగా స్థిరపడతాయి. గుచ్ఛాల నడిబొడ్డున, రద్దీ ఎక్కువైన చోట దీర్ఘవృత్తపువి అధికంగానూ, వెలుపలి ప్రశాంత ప్రదేశాలలో సర్పిలాలు అధికంగానూ ఉండడానికి ఇటువంటి కలయికలు ఒక కారణం. ఎక్కడ ఉన్నదనే దానిని బట్టి గెలాక్సీ రూపం చాలావరకు నిర్ణయమవుతున్నదన్నమాట.

మరొక చిక్కున్నది. గుచ్ఛాలలోని గెలాక్సీలు పరుగిడే వేగానికి, కనపడే నక్షత్రాల బరువు వాటిని పట్టి ఉంచడానికి చాలదు. 1933లో జ్వికీ ఈ సంగతి గమనించాడు. 1970 దశకంలో వీరా రూబిన్ విడివిడి గెలాక్సీలలో కూడా ఇదే లోటును చూపింది. కంటికి కనపడని పదార్థమేదో, కనపడేదానికి అయిదు రెట్లకు పైగా, అంతటా నిండి ఉన్నదని ఎక్కువమంది శాస్త్రజ్ఞుల నిర్ణయం. కనపడనిది, అంతటా నిండినది అనగానే అదే పరబ్రహ్మమని వ్యాఖ్యానించే ఉత్సాహం మనలో కొందరికి కలుగుతుంది. తొందరపడకండి. రేపు ఆ పదార్థం ఒక సూక్ష్మ కణమని తేలితే పరబ్రహ్మాన్ని ఎక్కడ పెడతారు? తూకానికి వచ్చేదేదీ పరబ్రహ్మం కానేరదని మన వేదాంతులే ఎప్పుడో తేల్చారు.

మనవారికి ముఖ్యంగా చెప్పవలసినది ఇప్పుడు వస్తున్నది. 2017లో పూణేలోని అయూకా, ఐసర్ సంస్థలకు చెందిన జయదీప్ బాగ్చి, శిశిర్ సాంఖ్యాయన్ మొదలైన భారతీయ శాస్త్రజ్ఞులు మీనరాశి దిక్కున ఒక మహా గుచ్ఛ సముదాయాన్ని కనుగొన్నారు. అందులో కనీసం 43 గుచ్ఛాలున్నాయి. మన పళ్ళెం ఆబిడ్స్‌లో ఉంటే అది ఉప్పల్ కూడా దాటి, 12 కిలోమీటర్ల దూరాన ఉంటుంది. అక్కడి కాంతి మనలను చేరడానికి 400 కోట్ల ఏండ్లు పట్టినది. దాని విస్తారం 60 కోట్ల కాంతి సంవత్సరాలు. దానికి వారు పెట్టిన పేరు సరస్వతి. అనేక మడుగులు గల ప్రవాహం అన్న అర్థం ఆ పేరులో ఉన్నదని వారు గుర్తుచేశారు. గెలాక్సీలు విశ్వంలో సాలెపట్టు పోగుల వలె బారులు తీరి, పోగులు కలిసే చోట ఇటువంటి మడుగులై నిలిచాయి. పోగుల నడుమ దాదాపు శూన్యమైన పెద్ద పెద్ద ఖాళీలు.

మొత్తం మీద, మనకు కాంతి చేరగలిగినంత మేర విశ్వంలో 20 వేల కోట్ల నుండి 2 లక్షల కోట్ల వరకు గెలాక్సీలుండవచ్చునని వేర్వేరు అంచనాలున్నాయి. ఆ మేర ఎంత? మన ఒక అడుగు పళ్ళెంతో కొలిస్తే ప్రతి దిక్కుకూ 140 కిలోమీటర్లు. ఆబిడ్స్ నుండి పక్షి ఎగిరినంత సూటిగా పోతే ఇంచుమించు శ్రీశైలం దరిదాపులకు చేరుతాము. అంత మైదానంలో మన పళ్ళెం ఒకటి, అందులో కంటికి ఆనని చుక్క మన సూర్యుడు.

ఇప్పుడు ప్లానెటేరియం నుండి గుడికి వచ్చిన పిల్లవాని ప్రశ్నకు వద్దాము. సంకల్పంలో మనం విశ్వానికి నడుమ ఉన్నామని ఎన్నడూ చెప్పుకోలేదు. నడుమనున్నది మేరువు, మనం దానికి దక్షిణాన ఎక్కడో ఒక మూల. ద్వీపంలో ఒక వర్షం, వర్షంలో ఒక ఖండం, ఖండంలో ఒక ఇల్లు అని మన అల్పత్వాన్ని మనమే మెట్టు మెట్టుగా ఒప్పుకొన్న తరువాతనే పేరు, గోత్రం చెప్పుకొంటున్నాము. తాను చిన్నవాడినని తెలిసినందువలన పూజ మానుకొన్న పూర్వులెవరూ లేరు, తెలిసియే కూర్చున్నారు. శాస్త్రజ్ఞులు ఆ మెట్లకు పైన మరికొన్ని మెట్లు చూపారు, అంతే. స్వామిని అనంతకోటి బ్రహ్మాండ నాయకుడని రోజూ పిలుస్తూ, ఆ కోటిలో కొంత కంటబడగానే బెదరిపోవడం మనకు తగదు. స్వామికి వినిపిస్తుందా అన్నది దూరదర్శిని తేల్చగల ప్రశ్న కాదని ఆ పిల్లవానితో నిస్సంకోచంగా చెప్పండి. అతడు రేపు శాస్త్రజ్ఞుడు కావచ్చును. అబద్ధపు బదులు చెబితే అది తెలిసిన నాడు మన మాటతో పాటు గుడిని కూడా విడిచిపెడతాడు.

కార్తిక మాసంలో ఆకాశదీపం చూడడానికి ఎట్లాగూ తల ఎత్తుతాము. ఆ మాసపు బహుళ పక్షంలో దశమి దాటిన తరువాత, సాయంకాలం చంద్రుడు లేని రోజులలో, నగర దీపాలకు దూరంగా ఉన్న ఊరికి గాని, యాత్రకు గాని పోయినప్పుడు రాత్రి తొమ్మిది గంటల వేళ నడినెత్తికి చూడండి. పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర నక్షత్రాలు నాలుగు కలిసి ఒక పెద్ద చతురస్రంగా ఉంటాయి. దాని ఈశాన్యపు మూల చుక్కనుండి ఈశాన్యంగానే రెండవ చుక్క వరకు పోవాలి. అక్కడ వాయవ్యానికి మళ్ళి రెండు చిన్న చుక్కలు లెక్కించాలి. రెండవదాని ప్రక్కనే నలిపిన దూది వలె మసకగా కనపడేదే ఆండ్రోమెడా. నేరుగా దానినే చూడక, చూపు కొంచెం ప్రక్కకు పెట్టి చూస్తే తేటగా తెలుస్తుంది. మీ కంటిలో పడే ఆ కాంతి 25 లక్షల ఏండ్ల క్రిందట బయలుదేరినది. పిల్లలకు ముందు చూపించండి, వారి చూపు మనకంటె మేలు.